గాలి తిరిగిన పూట

నేను సైంటిస్టుని కాను. ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే పెళ్లిళ్లలో మా ఆయన నన్ను అలాగే పరిచయం చేస్తాడు, నేను సిగ్గుతో చచ్చిపోతుంటాను. నేను బురద కోస్తాను. ఏలూరులో చెరువుల పరిశోధన కేంద్రంలో పంతొమ్మిదేళ్లుగా నా ఉద్యోగం అదే. కొల్లేటి అడుగు నుంచి గొట్టంతో తీసిన బురద కడ్డీని బల్ల మీద పడుకోబెడతాను. వెంట్రుక మందాన పొరలుగా కోస్తాను. పొరకో నెంబరు వేసి రీడరనే యంత్రంలో పెడతాను. చెయ్యి వణికిందంటే ఒక నెల గల్లంతైనట్టే. పంతొమ్మిదేళ్లలో నేను పోగొట్టిన నెలలు మూడు. ఆ మూడూ నాకు గుర్తే.

ఆ బురదలో ఏముంటుందంటే నాచు. కంటికి కనిపించని జాతి. దాని ఒంటికి గాజు గుల్ల ఉంటుంది. నాచు చచ్చిపోయినా గుల్ల చావదు, అడుక్కి దిగి అక్కడే ఉండిపోతుంది. ఉప్పుటేరు వైపు ఉప్పునీటి నాచు పెరుగుతుంది, బుడమేరు వైపు ఏటి నాచు పెరుగుతుంది. ఒక పొరలో ఏ వైపు గుల్లలు ఎక్కువ పడ్డాయో చూస్తే ఆనాడు గాలి నీళ్లను ఎటు నుంచి తోసిందో తెలుస్తుంది. బరువు గుల్లల నాచొకటి ఉంది. నీళ్లు కలబడితే తప్ప అది పైకి తేలలేదు. అది దండిగా ఉందంటే గాలి గట్టిగా కొట్టినట్టు. ఇదంతా పాత సంగతే, చాలా దేశాలలో చేస్తారు. మా డాక్టర్ మృణాళిని గారు చేసిందేమిటంటే, ఏడాదికోసారి కాదు, పూటపూటకీ చదివే యంత్రం కట్టారు. కట్టి ఊరుకోకుండా దాన్ని తీసుకెళ్లి గాలిగదికి తగిలించారు.

గాలిగది అంటే గుండ్రటి గది. గోడ పొడుగునా ముప్పై ఆరు ఫ్యాన్లు. మధ్యలో నిలబడి నెంబరు నొక్కితే ఆ నెంబరు పొరలో ఉన్న పూట గాలి, వీచినది వీచినట్టు, మళ్లీ వీస్తుంది. నేను మొదటిసారి నిలబడింది రెండొందల ఏళ్ల కిందటి ఒక ఆషాఢ మాసపు సాయంత్రంలో. చెంప మీద పడమటి గాలి, ఆగి ఆగి, మధ్యలో ఒక తెమ్మెర. పమిట సర్దుకోబోయి ఆగిపోయాను. ఎవరూ బతికిలేని ఒక సాయంత్రం వచ్చి నా పమిట లాగింది మరి. బయటికొచ్చాక ఎలా ఉందని మేడమ్ అడిగితే, గాలి బానే ఉంది గానీ తుంగ వాసన లేదండీ అన్నాను. ఆవిడ నవ్వి, వాసన నా వల్ల కాదు పెద్దింట్లు గారూ అన్నారు.

ఒక చిక్కుంది. రీడరు పొరను ఆమ్లంలో కరిగించి చదువుతుంది. ఒక్కసారే. చదివాక ఆ పూట యంత్రంలో అంకెలుగా ఉంటుందే తప్ప భూమ్మీద ఉండదు.

ఇంకో చిక్కు మాకు మాత్రమే ఉన్నది. రెండొందల ఏళ్ల కిందటి గాలి మా దగ్గర ఉంది, వెయ్యేళ్ల కిందటిదీ ఉంది, నేను పుట్టిన తర్వాతి గాలి మాత్రం లేదు. కొల్లేటి అడుగు పైపొరంతా చేపల చెరువుల కోసం యంత్రాలు పెట్టి గోకేశారు. ఎక్కడ గొట్టం దింపినా పైన డెబ్బై ఏళ్లు మాయం. మేడమ్ ఎనిమిదేళ్లు వెతికారు. ఒకరోజు మధ్యాహ్నం అన్నం తింటూ, ఆ డెబ్బై ఏళ్లు ఎక్కడికి పోయాయో అని నిట్టూర్చారు. నేను పెరుగన్నం కలుపుకుంటూ, ఎక్కడికి పోతాయండీ, కొన్ని మా ఇళ్ల కింద దిబ్బల్లో ఉన్నాయి అన్నాను.

ఆవిడ చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

మాది తుంగలంక. ఇప్పుడు దారి ఉంది గానీ నా చిన్నప్పుడు చుట్టూ నీళ్లే. వరదకి మునగకుండా ప్రతి ఇంటి కింద దిబ్బ ఎత్తు చేసుకోవాలి. ఎండాకాలంలో నీళ్లు తీసినప్పుడు మగవాళ్లు అడుగు బురదని పారతో గడ్డలుగా కోసి, తాటిదోనెలో వేసుకొచ్చి, గడ్డ పక్కన గడ్డ పేర్చేవాళ్లు. ఆడవాళ్లు కాళ్లతో తొక్కేవాళ్లు. మేం పిల్లలం తొక్కినట్టు నటిస్తూ జారిపడి నవ్వుకునేవాళ్లం. ఆ తడి బురద చల్లదనం నా అరికాళ్లకి ఇప్పటికీ తెలుసు. ఎర్రటి ఎండలో ఏలూరు సిమెంటు రోడ్డు మీద నడుస్తున్నప్పుడు మరీ తెలుస్తుంది.

మేడమ్‌కి ఇవన్నీ చెప్పాను. ఒక్క సంగతి దాచాను. ఏ దిబ్బ తవ్వాలో, అందులో ఏ ఏడాది కావాలో నాకు ముందే తెలుసు.

మా నాన్న పేరు బలే ఏడుకొండలు. లంకలో గాలి చూసేది ఆయనే. పొద్దున్నే దిబ్బ అంచున నిలబడి మెడ మీద గాలి తగలనిచ్చి, ఇవాళ ఎటు వెళ్లాలో, ఎప్పుడు తిరిగి రావాలో చెప్పేవాడు. ఎవరూ ఆయన్ని అడగకుండా దోనె తీసేవాళ్లు కాదు. నేను ఆయన భుజం మీద కూర్చుని ఊరందరినీ పైనుంచి చూసేదాన్ని. అంత గొప్ప నాకు మళ్లీ ఎప్పుడూ పట్టలేదు.

నాకు తొమ్మిదేళ్లప్పుడు తుఫాను వచ్చింది. లంకలో ఉన్న ఒక్క రేడియోకీ బ్యాటరీల్లేవు. పొద్దున ఈశాన్యపు గాలి లేచింది. పడమట చేపలకి అడ్డంగా గుంజలు పాతిన దడికట్టు దగ్గర వలలు, మావులనే చేపల బుట్టలు అన్నీ నీళ్లలోనే ఉన్నాయి, అవి పోతే ఏడాదంతా పస్తే. ఐదుగురు మగవాళ్లు మా దిబ్బ దగ్గరికొచ్చి నాన్నని అడిగారు. నాన్న చెప్పిన మాట నేను చెవులారా విన్నాను. ‘ఎల్లండి. ఈశాన్యం మిమ్మల్ని దడికట్టు కాడికి తోసేస్తది. అక్కడ గుంజలకి దోనెలు కట్టేసుకుని కూకోండి. మద్దేనం దాటాక గాలి పడమటికి తిరుగుద్ది. తిరగ్గానే తాళ్లిప్పుకోండి, అదే ఇంటికి తోలుకొస్తది.’

ఐదుగురూ రాలేదు. మధ్యాహ్నం మా ఇంటి కప్పు నాన్న మీద పడింది. మర్నాటి పొద్దుటికి గాని ఆయనకి తెలివి రాలేదు. మిగతా ఊరంతా బడిలో తలుపులు బిగించుకుని, ఒకరినొకరు పట్టుకుని ఉన్నాం. గాలి ఎటు తిరిగిందో ఎవరు చూశారు? తర్వాత ఊరు అనుకున్నది ఒకటే: గాలి తిరగలేదు, ఏడుకొండలు తప్పు చెప్పాడు, తిరుగుతుందని కనిపెట్టుకుని కూర్చుని ఐదుగురూ పోయారు. ఎవరూ నాన్నని తిట్టలేదు. తిట్టినా బాగుండేది. పొద్దున్నే ఎవరూ మా దిబ్బ దగ్గరికి రావడం మానేశారు, అంతే. ఆ ఎండాకాలం నాన్న ఒక్కడే బురద కోసి దిబ్బ మళ్లీ ఎత్తు చేశాడు. ఇల్లు కట్టాడు. కట్టిన ఇంట్లో ఒక్క పూట కూడా ఉండకుండా, పోయిన వాళ్లలో ఒకడైన భద్రయ్య భార్య నాంచారమ్మకి ఆ ఇల్లు ఇచ్చేసి, మమ్మల్ని ఏలూరు తీసుకొచ్చేశాడు.

నలభై రెండేళ్లయింది. ఆయనకి ఎనభై మూడు. నా దగ్గరే ఉంటాడు. గాలి అంటే పడదు. కిటికీలు మూయిస్తాడు, మే నెలలో కూడా. డాబా మీదికి రమ్మంటే రాడు. మా ఆయన ఆర్టీసీలో కండక్టరు, ఎండలో తిరిగొచ్చి ఆ ఉక్కలో కూర్చోలేక విసుక్కుంటాడు గానీ మామగారి ముందు నోరెత్తడు. అమ్మ పోయేముందు నా చెయ్యి పట్టుకుని, మీ నాన్న తప్పు చెప్పే మనిషి కాదే అంది. ఆ మాట నా లోపల ముల్లులా ఉండిపోయింది. బురద కోసే ఉద్యోగానికి నేను వెళ్లిందే అందుకేమోనని ఒక్కోసారి నాకు అనుమానం.

దిబ్బ తవ్వుతామని చెప్పినప్పుడు నాన్న కంచం ముందు నుంచి లేచిపోయాడు. అరగంట తర్వాత వచ్చి, ఆ బురద జోలికెల్లకమ్మాయ్ అన్నాడు. ఎందుకని అడిగితే చెప్పలేదు. నేను ఊరుకునే మనిషిని కాదు. నీ పేరు మీద మచ్చ ఉంది, అది తుడిచేస్తాను, నువ్వు ఉండగానే తుడిచేస్తాను అన్నాను. మచ్చ నాకు అలవాటైపోయిందిలే అన్నాడు. ఆ మాటకి నాకు ఒళ్లు మండిపోయింది. అలవాటైపోయిందట! నలభై రెండేళ్లు కిటికీలు మూసుకుని బతికినవాడు అనాల్సిన మాటేనా అది?

నాంచారమ్మ పిన్నికి డెబ్బై దాటాయి. సన్నగా, నిటారుగా ఉంటుంది. వాకిట్లో గొట్టం దింపుతామంటే, దింపుకోండి, ఇల్లు మాత్రం పడెయ్యకండి అంది. మీ నాన్న బాగున్నాడా అని అడిగింది. భద్రయ్య మాట ఎత్తలేదు. ఆవిడ ఎప్పుడూ ఎత్తదని ఊళ్లో అందరికీ తెలుసు. పిల్లలు లేరు. మళ్లీ పెళ్లి చేసుకోమన్నా చేసుకోలేదు. ఒక్కర్తే మావులు అల్లుకుని, చేపలు ఎండబెట్టుకుని బతికింది. మాకు కొర్రమీను పులుసు పెట్టింది. మేడమ్ రెండుసార్లు వడ్డించుకున్నారు.

వాకిట్లో నిలబడితే ఒకప్పటి నీళ్లు కనిపించవు. నలువైపులా చెరువుగట్లు, మేత బస్తాలు, మోటార్ల చప్పుడు. అదే చోట నిలబడి నేను పెలికాన్లు దిగడం చూశాను. నీళ్లు ఎంత తేటగా ఉండేవంటే, దోనెలోంచి వంగితే కింద తుంగ ఊగడం కనిపించేది. కలువ కాడలు విరిచి దండలు చేసుకునేవాళ్లం. ఆ లంక మీద గాలికి అడ్డమనేది ఉండేది కాదు. అదంతా మేడమ్‌కి చెబుతుంటే ఆవిడ ఊ కొడుతూ గొట్టం వైపు చూస్తున్నారు. పోనీలే, ఆవిడ పని ఆవిడది.

మూడో గొట్టంలో దొరికింది. ఒక గడ్డలో సన్నటి తెల్లటి గీత, తుఫాను రోజున ఉప్పుటేరు గుండా ఎగదన్నుకొచ్చిన సముద్రపు ఇసుక. దాన్ని ఆనుకుని గోరంత మందం బురద. అంతే. ఐదుగురు మనుషులు, ఒక ఊరు, మా నాన్న బతుకు అంతా ఆ గోరంతలో ఉంది.

కోసేటప్పుడు నా చెయ్యి వణకలేదు. ఆ రోజు పొద్దున టీ కూడా తాగలేదు.

రీడరు రెండు రోజులు చదివింది. మేడమ్ తెర మీద గీతలు చూపించి నెమ్మదిగా చెప్పారు. కింది పొర ముందుది, పై పొర తర్వాతిది. కింద గట్టి పడమటి గాలి, అది ఆ ఏటి వానాకాలం అయ్యుండాలి. దాని మీద ఈశాన్యం, అది తుఫాను. తుఫాను తర్వాత మామూలు గాలులు. ఈశాన్యం మీద గట్టి పడమర లేదు. గాలి తిరగలేదు.

అంటే నాన్న తప్పు చెప్పాడు.

పోయిన పొరని తిరిగి తెచ్చి మళ్లీ చదవమనడానికి లేదు. ఆమ్లం ప్లాస్టిక్ పాత్రలో అడుగున తేటగా ఉంది. ఆ సాయంత్రం ఇంటికెళ్లే బస్సులు రెండు వదిలేశాను. దాచిపెడదామా అనుకున్నాను. కానీ నాన్న దగ్గర నేనెప్పుడూ ఏదీ దాచలేదు, నా మొహం చూస్తే ఆయనకి తెలిసిపోతుంది. గుమ్మంలోనే చెప్పేశాను. గాలి తిరగలేదట నాన్నా అన్నాను, అని ఏడుపు ఆపుకోలేకపోయాను.

నాన్న నా భుజాలు పట్టుకుని తనవైపు తిప్పుకున్నాడు. ‘నిజంగానా? తిరగలేదా?’

‘లేదు.’

ఆయన మంచం మీద కూర్చున్నాడు. రెండు చేతులతో మొహం తుడుచుకున్నాడు. తర్వాత లేచి, తూర్పు వైపు కిటికీ తలుపు తనే తీశాడు. తుప్పు పట్టిన గడియ రాకపోతే చెప్పుతో కొట్టి మరీ తీశాడు.

తర్వాతి పది రోజులు మా ఇంట్లో పండగ. నాకు ఏమీ అర్థం కాలేదు. తప్పు చెప్పానని తేలినవాడు ఇంత సంతోషంగా ఉంటాడా? నాన్న డాబా ఎక్కాడు. మా ఆయన్ని కూర్చోబెట్టుకుని మెడ మీద గాలి ఎలా పట్టాలో నేర్పాడు. మా ఆయన మెడ వెనక్కి వాల్చి కళ్లు మూసుకుని, ఆగ్నేయం మామగారూ అంటే, ఆగ్నేయం కాదు నీ మొహం, పక్కింటి కూలరు అని నవ్వాడు. నాన్న నవ్వు విని ఎన్నాళ్లయిందో లెక్కపెట్టాను, అందలేదు. చెప్పకుండా వదిలేసిన కబుర్లన్నీ చెప్పాడు. పున్నమి పూట దోనెలన్నీ ఒకదానికొకటి కట్టుకుని నడినీళ్లలో భోజనాలు చేసేవాళ్లట. అమ్మని పెళ్లి చేసుకుని తెస్తుంటే గాలి ఎదురై దోనె కదల్లేదట, అమ్మే గెడ అందుకుని తోసిందట. పెళ్లికూతురు గెడ వేస్తూ అత్తారింటికొచ్చిందని ఊరంతా ఏడాదిపాటు నవ్వుకున్నారట. ఇవన్నీ నాకెందుకు చెప్పలేదు నాన్నా అంటే, గుర్తురానియ్యలేదమ్మా అన్నాడు.

ఇంత సుఖం ఉన్నప్పుడు నోరు మూసుకుని కూర్చోవాలి. నాకు అది చేతకాలేదు.

పదకొండో రోజు మేడమ్ నివేదిక రాస్తూ, ఆ ఏడు మీ వైపు వానాకాలం బాగా గట్టిగా వచ్చినట్టుంది, పడమటి గాలి చాలా బలంగా ఉంది అన్నారు. నేను గాజుపలకలు కడుగుతున్నాను. ఎక్కడి వానాకాలమండీ అన్నాను. ఆ ఏడు చినుకు లేదు. శ్రావణ మాసంలో కూడా లంక నుంచి దడికట్టు దాకా ఆడవాళ్లం నడిచి వెళ్లాం. నీళ్లు మోకాళ్ల దాకా రాలేదు. అమ్మ నన్ను చంకనెత్తుకోనందుకు నేను దారంతా అలిగాను. గాలి ఆకు కదిపితే ఒట్టు.

అంటూనే నా చేతిలో పలక జారి పగిలింది.

వానాకాలంలో అంత బలమైన పడమర లేదంటే, అది తుఫానుదే. తుఫానుదైతే ఈశాన్యం కింద ఎందుకుంది? నాన్న దిబ్బ కట్టడం కళ్ల ముందు కనబడింది. పారతో గడ్డ కోస్తాడు, రెండు చేతులా ఎత్తుతాడు, దిబ్బ మీద పెట్టేటప్పుడు బోర్లిస్తాడు. ఆయనే కాదు, లంకలో అందరూ అంతే. గడ్డ పైముఖాన తుంగ దుంపలుంటాయి. అలాగే పెడితే ఇంటి నేలలోంచి తుంగ మొలుస్తుంది. అందుకని పైముఖం కిందికి, కిందిముఖం పైకి. ఎన్ని గడ్డలు తొక్కాను నేను! తొక్కిన నాకే గుర్తులేకపోతే మేడమ్‌కి ఎలా తెలుస్తుంది?

మేము చదివింది తలకిందులు. కాలం వెనక్కి చదివాం.

మేడమ్ వెంటనే అంకెలు తిప్పి చూశారు. నీళ్లు కలబడ్డాక బరువు గుల్లలు ముందు దిగుతాయి, తేలికవి తర్వాత దిగుతాయి. మా పొరలో బరువువి పైన, తేలికవి కింద ఉన్నాయి. ఆ సంగతి యంత్రాన్ని మేమెవరమూ అడగలేదు. ఆవిడ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి, నాదే తప్పు పెద్దింట్లు గారూ అన్నారు. నాకు అవేవీ వినబడడం లేదు. ఈశాన్యం ముందు, పడమర తర్వాత. మధ్యాహ్నం దాటాక. మా నాన్న చెప్పినట్టే, పూటతో సహా, గాలి తిరిగింది.

అప్పటికప్పుడు ఆటో పంపి నాన్నని పిలిపించాను. ఎందుకో చెప్పలేదు. నోటితో చెప్పడమెందుకు, ఆయన మెడకే తెలియాలి అనుకున్నాను. ఎంత తెలివైనదాన్నో చూడండి.

గాలిగది మధ్యలో కుర్చీ వేశాం. వద్దని నిలబడ్డాడు. మేడమ్ బలం బాగా తగ్గించి పెట్టారు, పెద్దాయన తట్టుకోవాలి కదా. ఈశాన్యం మొదలైంది. నాన్న మెడ తిప్పాడు, తల ఊపాడు. పొద్దున్న ఇదే అన్నాడు. చాలాసేపు అదే వీచింది. తర్వాత సన్నగిల్లింది. పూర్తిగా ఆగింది. గదిలో ఆయన ఊపిరి వినబడింది. అప్పుడు అవతలి గోడ నుంచి, పడమర నుంచి గాలి వచ్చి పడింది. ముందుదానికి రెండింతలు. బలం తగ్గించినా ఆయన పంచె కాళ్లకి చుట్టుకుపోయింది.

నేను గాజు తలుపు అవతల నుంచి నవ్వుతూ చూస్తున్నాను. నాన్న మొహంలో రంగు పోయింది. నేల మీద కూలబడి, ఆపెయ్యమని చెయ్యి ఊపాడు.

నేను పరుగెత్తుకెళ్లి పట్టుకున్నాను. నువ్వు చెప్పింది నిజం నాన్నా, మేమే తలకిందులుగా చదివాం అంటుంటే ఆయన నా నోటికి చెయ్యి అడ్డం పెట్టాడు.

‘నాకు దోనెలు దొరికినాయమ్మాయ్’ అన్నాడు. ‘రెండో రోజు, నేనొక్కణ్ణే ఎతకడానికెల్లాను. ఐదూ దొరికినాయి, నీళ్లు తలోదిక్కుకీ ఈడ్చేసినాయి, అయి సూసి గాలి తిరిగిందో లేదో సెప్పలేం. తాళ్లు తెగలేదు. ఐదు దోనెల్లోనూ తాడు చక్కగా చుట్టి, బల్ల కింద దోపి ఉంది. గుంజల్నీ చూశాను, ఒక్క తాడు ముక్క లేదు. ఇప్పుకున్నారు. ఎవురికీ సెప్పలేదు. తాళ్లు తీసి నీళ్లలో పడేశాను.’

ఆయనే మెల్లగా చెప్పుకుపోయాడు. గాలి తిరగకపోతే, వాళ్లంతట వాళ్లే భయపడి విప్పుకున్నారని. గాలి తిరిగితే, నాన్న మాట మీద విప్పుకున్నారని. కట్టేసుకుని ఉంటే ఆ గుంజలు వాళ్లని కాపాడేవి, తుఫాను తర్వాత కూడా నిలబడే ఉన్నాయి. గాలి తిరుగుతుందని ఆయనకి తెలుసు, ఆ తిరిగిన గాలి అంత బలంగా వస్తుందని తెలియదు. నలభై రెండేళ్లూ ఆయన ఒకే ఒక్కటి కోరుకున్నాడు, తన మాట తప్పయ్యుండాలని. ఊరు తప్పన్నప్పుడల్లా కాస్త ఊపిరాడేదట. పది రోజుల కిందట నేను వెళ్లి, నువ్వు తప్పే చెప్పావు నాన్నా అంటే, ఐదుగురూ ఆయన భుజాల మీంచి దిగిపోయారట.

ఆ ఐదుగురినీ మళ్లీ తెచ్చి ఆయన భుజాల మీద కూర్చోబెట్టింది నేను. కన్నకూతుర్ని. మచ్చ తుడుస్తానని బయల్దేరినదాన్ని.

మేడమ్ తలుపు దగ్గరే నిలబడి అన్నీ విన్నారు. మంచి మనిషి. నివేదిక ఇంకా బయటికి వెళ్లలేదు, ఆ ఒక్క గడ్డ చదవడానికి పనికిరాలేదని రాస్తే అడిగేవాళ్లెవరూ లేరు అన్నారు. పొర ఎలాగూ కరిగిపోయింది. ఎనిమిదేళ్లు వెతికి సంపాదించిన గోరంత బురదని ఆవిడ అలా వదిలేస్తానంటే నాకు ఆవిడ కాళ్లకి దణ్ణం పెట్టాలనిపించింది. అలాగే రాయండి మేడమ్ అన్నాను.

నాన్న ఒప్పుకోలేదు. ఉన్నదున్నట్టు రాయమన్నాడు. కాకపోతే కాగితంలో కంటే ముందు నాంచారమ్మ తన నోటితో వినాలి అన్నాడు. మిగతా నలుగురి ఇళ్లలో ఆనాటివాళ్లు ఎవరూ లేరు. ఆవిడ ఒక్కర్తే ఉంది.

మర్నాడు పొద్దున్నే వెళ్లాం. నలభై రెండేళ్ల తర్వాత నాన్న తుంగలంకలో కాలు పెట్టాడు. దారిలో చెరువుగట్లు చూసి, నీళ్లేయమ్మాయ్ అని రెండుసార్లు అడిగాడు. నాంచారమ్మ పిన్ని వాకిట్లో మావు అల్లుతోంది. నాన్నని చూసి లేచి, తల మీద కొంగు వేసుకుని, రండి బావగారూ అంది. ఆయన అరుగెక్కలేదు. వాకిట్లోనే నిలబడి, కర్ర మీద రెండు చేతులూ ఆనించి, అంతా చెప్పాడు. ఎక్కడా ఆపలేదు, తన మీద జాలి పుట్టేలా ఒక్క మాట కలపలేదు. గాలి నేను చెప్పినట్టే తిరిగిందమ్మా, నా మాట మీదే విప్పుకున్నారు, నీ మొగుణ్ణి నేనే చంపాను అన్నాడు.

పిన్ని చేతిలో ఈనె అలాగే ఉంది. ఆవిడ అడిగింది ఒకటే.

‘ఆయన దోనెలో కూడా తాడు చుట్టే ఉందా?’

‘ఉందమ్మా. బద్రయ్య దోనే లంకకి బాగా దగ్గర్లో దొరికింది. అందరికంటే ముందొచ్చాడు.’

పిన్ని నేల మీద కూర్చుంది. నావైపు చూసి, చెప్పడం మొదలుపెట్టింది. ఆ రోజు పొద్దున ఇద్దరూ పోట్లాడుకున్నారట. చిన్న గొడవే, చద్దన్నంలోకి ఊరగాయ లేదని. ఆవిడ ఏదో అంది, ఆయన కంచం తోసేసి, ఇంక ఈ గడప తొక్కితే నా పేరు భద్రయ్య కాదు అని దోనె ఎక్కాడట. గాలి తిరగలేదని ఊరంతా ఏడుకొండల్ని తప్పుపడుతుంటే, ఆవిడ మాత్రం వేరేగా అనుకుంది. మిగతా నలుగురూ గాలి కోసం ఆగారు, తన మొగుడు పంతం కోసం ఆగాడు. రావాలని లేక అక్కడే ఉండిపోయాడు. అలా అనుకునే నలభై రెండేళ్లు బతికింది. కోపంతో ఆయన పేరెత్తలేదు. కన్నీటి చుక్క రాల్చలేదట.

‘ఇంటికే బయల్దేరాడన్నమాట’ అంది.

ఆవిడ తలెత్తి నాన్నని చూసింది. ఆ చూపులో దయ ఉందని నేను చెప్పలేను.

‘ఈ ఒక్క ముక్క సెప్పడానికి నలభై రెండేళ్లు పట్టిందా బావగారూ?’

నాన్న కర్ర వదిలేసి ఆవిడ ఎదురుగా, మట్టిలో చతికిలబడ్డాడు. నాంచారమ్మ పిన్ని అప్పుడు మొగుడి పేరు పెట్టి పిలిచి, గుండెలు బాదుకుని, అప్పుడే కబురు అందినదానిలా ఏడ్చింది. చుట్టుపక్కల ఇళ్లలోంచి ఆడవాళ్లు, ఎవరు పోయారమ్మా అంటూ పరుగెత్తుకొచ్చారు. భద్రయ్య బాబాయి పోయాడని చెప్పాను.